గడప బయట రెండు చెంబుల నీళ్లు

డిసెంబరు 11

ఈ రోజు నుంచి రాస్తున్నాను. మధ్యాహ్నం స్టోరు రూములో కందిపప్పు మూటలు తొమ్మిదా పదా అన్న దగ్గర నా మనవరాలు శ్రీదుర్గ, పనివాళ్లందరి ముందూ, "అమ్మమ్మా, నీకు ఈ మధ్య మరుపొస్తోంది" అంది. నాకు డెబ్బై రెండేళ్లు. ముప్పై ఒక్క సంవత్సరం పిల్లలకు లెక్కలు చెప్పాను. అందులో పదకొండేళ్లు హెడ్మిస్ట్రెస్‌ని. మూటలు పది. తొమ్మిది అరల కింద, ఒకటి తడి తగలకుండా వంటమనిషి సత్తియ్య మంచం కింద. నేనే పెట్టించాను. శ్రీదుర్గ వెళ్లి చూసుకుని వచ్చి, కాగితం మీద తొమ్మిది కొట్టేసి పది వేసుకుంది. ఇకమీదట ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో తేదీతో సహా ఉంటుంది.

రిజిస్టరు మొదటి పేజీలో వివరాలు రాయడం నా అలవాటు.

చోటు: మంచుకొండ మీద స్కీ రిసార్టు. పాలకొల్లు నుంచి మూడు రైళ్లు, ఒక బస్సు, చివర రోప్‌వే. మార్చి పదిహేను దాకా ఇక్కడికి వచ్చే తెలుగు టూరిస్టులకు మన భోజనం పెట్టే కాంట్రాక్టు శ్రీదుర్గది. హోటల్ మేనేజ్‌మెంటు చదివింది. వంట సత్తియ్యది, పెద్దాపురం. గిన్నెలు, ఊడ్పు, తుడుపు లోవమ్మవి. అంతర్వేది పక్కన చేపల వేటకెళ్లే కుటుంబం, నలభై మూడేళ్లు, చదువు లేదు. వడ్డనకు ఐదుగురు. తాళాలు నావి. మొత్తం తొమ్మిదిమందిమి.

హిందీ శ్రీదుర్గకూ నాకూ వచ్చు. నేను ప్రవీణ పాసయ్యాను. సత్తియ్యకు వింటే కొంచెం అర్థమవుతుంది. లోవమ్మకు ఒక్క ముక్క రాదు.

డిసెంబరు 16

ధనుర్మాసం మొదలు.

మాకంటూ ఉన్న గడప ఒకటే, వంటింటి వెనక తలుపుది. తూర్పు ముఖం. దాని ముందు చిన్న అరుగు, అరుగు మీంచి కిందికి పదకొండు రాతిమెట్లు. ఉదయం లేపి చెబితే లోవమ్మ శాలువలోంచి మొహం ఒక్కటే బయట పెట్టింది.

"ఈ మంచులో ముగ్గెవరు చూత్తారండీ అమ్మగారూ? తెల్లటి దాని మీద తెల్లపిండేగా."

"చూడ్డానికి కాదే. ముగ్గులేని గడప ఎప్పుడుంటుంది?"

దానికి తెలుసు. శవం లేచిన ఇంటికే ఉండదు. లేచింది.

మంచు ఊడ్చి, పసుపు కలిపిన నీళ్లు రెండు చెంబులు చల్లితే రాయి నల్లబడింది. దాని మీద ముగ్గు కనబడింది. ఆరు చుక్కలు, ఆరు వరసలు. పది నిమిషాల్లో నీళ్లు గడ్డకట్టి ముగ్గు అద్దం కింద పెట్టిన పటంలా అయింది. మా ఊళ్లో ఎనిమిదింటికల్లా తొక్కి పాడు చేసేవారు. ఇక్కడ సాయంత్రం దాకా గీత చెదరలేదు. నాకు చాలా తృప్తిగా ఉంది.

డిసెంబరు 19

పాలు తోడుకోవడం లేదు. ఇడ్లీపిండి బాయిలరు పక్కన పెట్టిస్తే పొంగింది. ఇడ్లీలు 340, మిగిలినవి 6.

ఆ ఆరూ నోర్బుకు పోయాయి. నోర్బు ఇక్కడ స్కీ నేర్పే మనిషి, ఈ కొండవాడే. ముప్పై నాలుగేళ్లు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. రోజూ తెల్లారకముందే వాలు చూసి రావడానికి పోతూ, మా వెనక మెట్లెక్కి టీ తాగుతాడు. లోవమ్మ అతనితో తెలుగులో మాట్లాడుతుంది, అతను హిందీలో జవాబు చెబుతాడు. ఇద్దరికీ ఏమీ అర్థం కాదు, ఇద్దరూ నవ్వుతారు. ఇవాళ ఆవకాయ ముక్క నోట్లో వేసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఏడవకయ్యా, అల్లుడికి కూడా ఇంత పెట్టలేదు నేను" అంది లోవమ్మ.

పనివేళలో ఇకిలింపులు నాకు నచ్చవు. రేపటి నుంచి టీ గ్లాసు అరుగు మీది కిటికీలోంచి ఇమ్మన్నాను.

డిసెంబరు 24

శ్రీదుర్గ స్కీలు కట్టుకుని నోర్బు వెనక మూడుసార్లు జారింది, నాలుగుసార్లు పడింది. సత్తియ్య తలుపు దగ్గర నిలబడి, "మంచు మీద నడిచేవోడికీ తాగి నడిచేవోడికీ తేడా లేదండి టీచరుగారూ, ఇద్దరూ దేవుడి మీద భారం వేసేసినోళ్లే" అన్నాడు. పప్పు అడుగంటింది. అతని మాట మెచ్చుకునే తీరిక నాకు లేదు.

లోవమ్మ కూతురు నాగదుర్గకు తొలిచూలు. ఫిబ్రవరి అయిదుకు నెలలు నిండుతాయి. మొగుడు వేటకు పోతాడు, ఇంట్లో ఆడదిక్కు లేదు. జనవరి ముప్పైన పంపిస్తానని తీసుకొచ్చేముందే శ్రీదుర్గ మాట ఇచ్చిందట. నన్నడిగితే ఇచ్చేదాన్ని కాదు. రోజుకు నాలుగుసార్లు ఆ ముప్పయ్యో తేదీ మాటే వింటున్నాం.

జనవరి 3

శ్రీదుర్గ సరుకులకు కిందికి దిగింది. ఆమె లేదని మేనేజరు నా దగ్గరకు వచ్చాడు. వెనక అరుగు మీద గడ్డకట్టిన నీళ్లు చూశాడట. తలుపుల బయట ఎక్కడా చుక్క నీరు పోయకూడదు, మీ వాళ్లందరికీ వాళ్ల భాషలో చెప్పండి అన్నాడు. కొడుకు వయసువాడు. కూర్చోమనకుండా నిలబెట్టి, వేలు చూపిస్తూ చెప్పాడు. పక్కన ఇద్దరు గదులూడ్చేవాళ్లు వింటున్నారు.

ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియని మనిషి.

ధనుర్మాసం ఇంకా పదకొండు రోజులుంది. ఇవాళ ఎవరికీ చెప్పలేదు. రేపు చూస్తాను.

జనవరి 4

లోవమ్మకు చెప్పాను: ఇకమీదట అయిదున్నరకు కాదు, నాలుగున్నరకే పోయాలి, ఎవరి కంటా పడకూడదు, ముగ్గు కాగానే పైన కాస్త మంచు చల్లెయ్యాలి.

"మంచు చల్లితే ముగ్గు కనపడదు కదండీ?"

"వేసినట్టు నాకు తెలిస్తే చాలు."

జనవరి 5

లోవమ్మ అరుగు మీద పడింది. మోచెయ్యి కమిలింది. "జారతందండి అమ్మగారూ. ఆ మంచు కింద గాజు పలకలా ఉందండి. మనిషి కాలేత్తే తెలీదండి" అంది.

చూసి నడవాలి అన్నాను. పసుపు రాసుకోమన్నాను. స్టోరులో పసుపు: నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.

జనవరి 9

నోర్బు వెనకమెట్ల మీద పడ్డాడు. తెల్లవారుజామున అయిదూ పది. భుజం మీద ఆరు జతల స్కీలున్నాయి. పదకొండు మెట్లూ.

జనవరి 10

నిన్న రాయలేదు కాబట్టి క్రమంలో రాస్తున్నాను.

చప్పుడు విని ముందు పరుగెత్తింది లోవమ్మ. తానూ జారుతూ కూర్చుని కూర్చుని దిగింది. అతని తల ఒళ్లో పెట్టుకుని, "ఏవయ్యా, ఓ నోర్బయ్యా, కళ్లు తెరువయ్యా" అని అరిచింది. అతను కళ్లు తెరిచే ఉన్నాడు. కాళ్లు చూపించి ఏదో అడుగుతున్నాడు. నా కాళ్లు ఎక్కడున్నాయి అంటున్నాడు. నేను పైన తలుపు పట్టుకుని నిలబడ్డాను కాబట్టి వినబడింది. లోవమ్మకు అర్థం కాలేదు. "ఆయ్, ఆయ్, వత్తారు, వత్తారు" అంటోంది.

రోప్‌వే నడిపించి కిందికి దించారు. శ్రీదుర్గ అతనితో పెద్దాసుపత్రికి వెళ్లింది. తొమ్మిది గంటల ప్రయాణం.

మేనేజరు అరుగు మీదా మెట్ల మీదా మంచు తోయించి, కింద గడ్డనూ దానిలో ముగ్గునూ ఫోటోలు తీయించాడు. రేపు విచారణ.

జనవరి మూడున అతను నాకు చెప్పిన మాట నిజం. ఆ సాయంత్రమే వీళ్లకు చెప్పాననే గుర్తు.

జనవరి 11

విచారణ పదకొండు గంటలకు, మేనేజరు గదిలో. మేనేజరు, సెక్యూరిటీ ఆఫీసరు, కింది ఊరి పోలీసు ఒకతను. లోవమ్మను నేను తీసుకెళ్లాను. దానికి భాష రాదు, శ్రీదుర్గ లేదు. నేనే అటూ ఇటూ చెప్పాలి. సత్తియ్య టీ తెచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాడు.

వెళ్లేముందు ఆలోచించాను. నీళ్లు పోయించింది వంటశాల అని తేలితే కాంట్రాక్టు ఆ పూటే రద్దు. తొమ్మిదిమందీ దిగిపోవాలి. శ్రీదుర్గకు ఇది మొదటి పని. నీళ్లు పోసింది ఒక మనిషి అని తేలితే ఆ మనిషి ఒక్కతే దిగుతుంది. తొమ్మిదిలోంచి ఒకటి. ఇందులో నాకోసం చూసుకున్నది ఏమీ లేదు.

నీళ్లు ఎవరు పోశారని అడిగారు. లోవమ్మకు తెలుగులో చెప్పాను.

"నేనేనండి. ఆయ్. రోజూ నేనే పోత్తానండి. అమ్మగారు పొయ్యమన్నారండి. జారతందని కూడా చెప్పానండి, ఓపాలి నేనూ పడ్డానండి. ఇదుగో, చెయ్యి."

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది.

ఏమంటోంది అని ఆఫీసరు నన్నడిగాడు.

రోజూ తనే పోస్తుందట, ఒకసారి తానూ పడిందట, అన్నాను. రెండూ అది అన్న మాటలే.

అప్పుడు మేనేజరు, "జనవరి మూడున మీకు చెప్పాను, మీరు ఈమెకు చెప్పలేదా? ఆమెనే అడగండి" అన్నాడు.

నేను లోవమ్మ వైపు తిరిగాను.

"నీ కూతురికి నెలలు ఎప్పుడు నిండుతాయి?" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. తర్వాత బావురుమంది. "ఫిబ్రవరి అయిదండి. నేను పోపోతే దాన్ని చూసే దిక్కు లేదండి. వాళ్లకి సెప్పండమ్మగారూ, నన్ను ముప్పైకి పంపేయమని సెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటానండి." నిజంగానే వంగింది.

ఏమంటోంది?

"చెప్పారు, కానీ అలవాటు మానలేకపోయాను అంటోంది. తప్పయిపోయిందంటోంది."

పోలీసు రాసుకున్నాడు. దాని వేలిముద్ర తీసుకున్నారు. సిరా తుడుచుకోవడానికి నా రుమాలు ఇచ్చాను.

బయటికి వచ్చాక, "ఏవన్నారండి?" అంది.

"చెప్పాల్సింది చెప్పాను."

సత్తియ్య ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాడు. కప్పులు ఎవరూ ముట్టలేదు. నా వంక చూడకుండా, "టీ చల్లారిపోయిందండి టీచరుగారూ. మళ్లీ పెట్టమంటారా, వద్దంటారా?" అన్నాడు.

పెట్టమన్నాను.

జనవరి 12

ఆడపోలీసు వచ్చి లోవమ్మను కింది ఊరికి తీసుకెళ్లింది. అక్కడ ఆడవాళ్ల వసతిగృహంలో ఉంచుతారు, రోజూ స్టేషనుకు వెళ్లి కనబడాలి. దాని సంచిలో రెండు చీరలు, నాగదుర్గ బిడ్డకని అల్లుతున్న ఊలు టోపీ, సగమైంది.

రోప్‌వే దగ్గర నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరుండబట్టి సరిపోయిందండి అమ్మగారూ. మీరు లేపోతే ఈళ్ల భాషలో నేనేం సెప్పుకుందును?"

గిన్నెలు ఇవాళ వడ్డనవాళ్లు కడిగారు. మూడు గ్లాసులు పగిలాయి.

జనవరి 13

గడ్డ కరగడానికి గడప బయట ఉప్పు చల్లించారు. ముగ్గు లేదు.

జనవరి 15

శ్రీదుర్గ తిరిగి వచ్చింది. నోర్బుకు నడుము కింద స్పర్శ లేదు. రాదన్నారు. మనిషి సగానికి పాడైపోయాడు అమ్మమ్మా అని పడుకుని ఏడ్చింది. వేడిపాలు ఇచ్చాను. తాగలేదు. లేచి కూర్చుని అడిగింది.

"లోవమ్మ నీ మాట కాదని ఎప్పుడైనా చేసిందా అమ్మమ్మా? ముగ్గు నువ్వు వేయిస్తున్నావు కదా?"

"ముగ్గు వేయమన్నాను. నీళ్లు పోయమనలేదు."

"నీళ్లు లేకుండా ముగ్గెలా వేస్తారు?"

"నీకెప్పుడైనా ముగ్గు వచ్చా? నేర్పిస్తానంటే సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చున్నావు. ఇప్పుడు నాకు చెప్పొచ్చావు."

"మూడో తేదీన మేనేజరు చెప్పింది దానికి చెప్పావా?"

"చెప్పాను."

చాలాసేపు నన్ను చూసింది. నేనూ చూశాను. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల కళ్లలోకి చూసిన దాన్ని. కళ్లు దించుకుంది తనే.

జనవరి 18

మధ్యాహ్నం శ్రీదుర్గ లోవమ్మతో ఫోనులో మాట్లాడింది. స్పీకరు పెట్టింది. నా ఎదురుగానే పెట్టింది. ఎందుకు పెట్టిందో నాకు తెలియకపోలేదు. కత్తిపీట ముందు కూర్చుని బీరకాయ తరుగుతూనే ఉన్నాను.

"లోవమ్మా, ఆ రోజు అమ్మమ్మ అక్కడ ఏం చెప్పింది?"

"నా కోసం ఎంత మాట్లాడారోనండి చిన్నమ్మగారూ. ఆళ్లు ఒకటంటే ఈరు రెండన్నారండి. మా నాగదుర్గ కాన్పు సంగతి కూడా గుర్తెట్టుకుని అడిగారండి, అంతమంది ముందు. కన్నతల్లి అడగదండి అట్టాగ. అమ్మగారు కులాసాయేనా అండి?"

శ్రీదుర్గ ఫోను పెట్టేసి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నా మోకాలి మీద తల పెట్టింది. "నిన్ను అనుమానించాను అమ్మమ్మా. తప్పు నాది" అంది.

పరవాలేదన్నాను. పనిలో ఉన్నప్పుడు అనుమానించడం మంచిదే అన్నాను.

బీరకాయలు పదహారు కిలోలు. రెండు చేదు.

సత్తియ్య ఇవాళ రోజంతా ఒక్క జోకూ వేయలేదు. నేను స్టోరులోకి వస్తే బయటికి పోతున్నాడు. అతని కొడుకు ఫీజు అడ్వాన్సు శ్రీదుర్గ ఇస్తుంది కాబట్టి నోరు విప్పడు. కానీ ముభావంగా ఉన్న మనిషి వండితే ఉప్పు ఎక్కువ పడుతుంది. చెప్పాలి.

జనవరి 21

కింది ఊరి స్టేషను అధికారి ఫోను చేశాడు. నోర్బు వాళ్ల వాళ్లు గట్టిగా పట్టుకున్నారట. లోవమ్మ వాంగ్మూలం ఎల్లుండి, ఇరవై మూడున, మళ్లీ తీసుకుంటారు. వంటశాల మనుషులు భాష చెప్పకూడదట. రోడ్ల పనిలో ఉన్న విజయనగరం వాడొకడు దొరికాడు, అతను తెలుగు చెబుతాడట.

తన తప్పని ఒప్పుకుంటే ఏమవుతుందని అడిగాను. ఒప్పుకున్నా మానినా కేసు కేసే అన్నాడు. ఒప్పుకుంటే లోవమ్మ మీదే నడుస్తుంది, కేసు తేలేదాకా జిల్లా దాటకూడదు. ఎన్నాళ్లన్నాను. నెలలు అన్నాడు.

ఎల్లుండి అది తెలుగులో ఏమంటే అదే రాసుకుంటారు.

రాత పని ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఈ పుస్తకంలో జనవరి నాలుగో తేదీ పేజీ చదివాను. నేను రాసిన మాటలో తప్పు లేదు. లోవమ్మకు చెప్పాను అనే ఉంది.

జనవరి 22

పది గంటల రోప్‌వేలో దిగాను. లోవమ్మ వసతిగృహం మెట్ల మీద ఎండకు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేచి, కూర్చున్న చోటే కొంగుతో తుడిచి నాకు చోటిచ్చింది. టోపీ పూర్తయింది. ఊలు మిగిలితే రెండు మేజోళ్లు కూడా అల్లింది.

"నోర్బయ్య ఎట్టా ఉన్నాడండి? నడుత్తున్నాడాండి?"

"బాగున్నాడు."

"నాకు అదే దిగులండి."

రేపటి సంగతి చెప్పాను. ఒక తెలుగువాడు వస్తాడు, అతను అడుగుతాడు.

"మనోడేనాండి? అయితే మంచిదేనండి. ఉన్నదున్నట్టు చెప్పేత్తానండి."

"ఉన్నదున్నట్టంటే?"

"మీరు పొయ్యమన్నారు, నేను పోశాను. జారతందంటే చూసి నడవమన్నారు. ఇందులో తప్పేవుందండి? మనింట్లో అందరం చేసేదే కదండి. ఎవరో పడాలని ఎవరం పోత్తామండి."

దాని మనసులో నా మీద ఏమీ లేదు. అందుకే కష్టమైంది.

చెప్పాను. అలా చెబితే ఇద్దరి మీదా రాస్తారు లోవమ్మా. ఇద్దరి మాటా కలిసిందా లేదా అని తేల్చడానికి నెలలు పడుతుంది. ఒక్కరే ఒప్పుకుంటే ఆ పూటతో అయిపోతుంది. అమ్మగారు వద్దన్నారు, నేనే అలవాటు కొద్దీ పోశాను, అను. పొరపాటు అని రాసి పంపించేస్తారు.

ఆలోచించింది. దానికి ఆలోచించడం అలవాటు లేదు, నుదురంతా ముడతలు పడింది.

"అబద్ధం కదండీ అమ్మగారూ?"

"మాట. అంతే."

"అట్టా అంటే కాన్పుకి అందుకుంటానాండి?"

"అందుకుంటావు."

"మీరు సెప్పారంటే ఇంక నాకేంటండి" అంది. టోపీ, మేజోళ్లు తీసి నా చేతిలో పెట్టింది. రేపు హడావిడిలో ఎక్కడైనా పడిపోతాయేమో, మీ దగ్గరుంచండి అంది.

సాయంత్రం నాలుగింటికి పైకి వచ్చాను. టోపీ స్టోరులో మూడో అరలో పెట్టాను. ఊలుదాన్ని ఎలకలు కొడతాయి కాబట్టి డబ్బాలో పెట్టి మూత వేశాను.

రేపు జరగవలసినవి:

1. ఉదయం ఏడింటి రోప్‌వే. తొమ్మిదిన్నరకు వసతిగృహం, పదిన్నరకు స్టేషను.

2. లోవమ్మకు నాలుగు ఇడ్లీలు, చెట్నీ వేరే డబ్బాలో. తిన్నాక ఆ మాట మూడుసార్లు అనిపించాలి: "అమ్మగారు వద్దన్నారండి, నేనే అలవాటు కొద్దీ పోశానండి." దీనికి ముందూ వెనకా ఏమీ కలపకూడదు. ఏడిస్తే ఏడవనివ్వాలి.

3. సత్తియ్య కొండ దిగకూడదు. రాజోలు గ్రూపు 112 మంది మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. పులిహోర కూడా చేర్చాలి, తీరిక ఉండదు.

4. శ్రీదుర్గ ఆసుపత్రికి వెళ్లాలి. నోర్బు పిల్లలకు ఏవైనా పట్టుకెళ్లమని చెప్పాలి. తనంతట తను అనుకున్నట్టు ఉండాలి.

5. నాగదుర్గ ఫోను చేస్తే మీ అమ్మ పనిలో ఉంది అనాలి. నిండు చూలాలు, కంగారు పెట్టకూడదు.

6. లోవమ్మ స్థానంలో మనిషిని ఒకటో తేదీకి రప్పించాలి. కొంచెం హిందీ వచ్చినదైతే వద్దు.

7. వెనక తలుపు లోపలివైపు తెలుగులో నోటీసు అతికించాలి: "గడప బయట నీళ్లు పోయరాదు." నా దస్తూరీతో, కింద తేదీ జనవరి 3. కాగితం ఈ రాత్రే రాసి పొయ్యి పక్కన పెట్టాలి, అంచులు కాస్త పసుపెక్కాలి. ఎవరైనా అడిగితే, లోవమ్మకు చదువు రాదు కాబట్టి పక్కన నిలబెట్టుకుని చదివి వినిపించాను అని చెప్పాలి. ఎన్నిసార్లంటే, రెండుసార్లు.